స్పీకర్ వెనకాల ఒక బడిపంతులు

మన బడి వార్షికోత్సవాలంటే చాలామందికి పాటలు, నాటకాలు, బహుమతులు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం పొగ గుర్తుకొస్తుంది. అప్పుడు నేను పదో తరగతి. అద్దెకు తెచ్చిన మైక్ సెట్టు దగ్గర కాపలా ఉండే పని నాకూ, ఇంకో ఇద్దరికీ అప్పజెప్పారు. సెట్టు మనిషి రెండు స్పీకర్ పెట్టెలు కట్టి, టీ తాగడానికి బయటికి పోయాడు. వెనక వరసల్లో కూర్చున్న అమ్మానాన్నలకు వినబడదేమో అని మేము మిగిలిన రెండు పెట్టెలు కూడా లాక్కొచ్చి, నాలుగింటి తీగలనూ ఒకే జత బిగింపులకు కలిపేశాం. ప్రార్థన పాట సగంలో ఉండగానే ఆంప్లిఫయర్‌లోంచి కాలిన వాసన, ఆ వెనకే పొగ. మిగతా కార్యక్రమమంతా గొంతు చించుకుని నడిపించాల్సి వచ్చింది.

మరుసటి రోజు దెబ్బలు తప్పవనుకున్నాం. మన సైన్సు సారు కొట్టలేదు. ముగ్గురినీ ల్యాబుకు పిలిచి, ఆ నాలుగు పెట్టెలనూ తిరగేసి పెట్టించారు. ప్రతి పెట్టె వెనకా 8 అంకె, దాని పక్కన గుర్రపు లాడం లాంటి ఒక గుర్తు. అది ఓమ్ అని చదవాలన్నారు. ఒకటి 8 ఓమ్‌లయితే, నాలుగూ సమాంతరంగా కలిపితే ఎన్ని ఓమ్‌లో లెక్కగట్టమన్నారు. 2 అని వచ్చింది. ఆంప్లిఫయర్ మీద ఆ బిగింపుల దగ్గర 8 అని రాసుంది. అంటే అది మోయగలిగిన బరువుకు నాలుగింతలు దాని నెత్తిన పెట్టామన్నమాట. తర్వాత ఆ నాలుగు పెట్టెలనే రెండేసి చొప్పున శ్రేణిలో కలిపించారు. జతకు 16 ఓమ్‌లు. ఆ రెండు జతలనూ సమాంతరంగా కలిపితే మళ్ళీ 8 ఓమ్‌లు. పెట్టెలు అవే నాలుగు, తీగలు అవే. కలిపే తీరు ఒక్కటే మారింది. ఈసారి ఆంప్లిఫయర్‌కు ఏ కష్టమూ ఉండదు.

చివరలో సారు ఇంకో మాట కూడా చెప్పారు. ఓమ్ అనేది ఒక మనిషి పేరనీ, ఆయన కూడా తమలాగే హైస్కూలు పంతులనీ. ఆ రోజు అది చెవిన పడి వెళ్ళిపోయింది. ఇంజనీరింగ్ చదివి, ముప్పై ఏళ్ళు కరెంటు తీగలతో కాపురం చేశాక, ఆ పంతులు కథ ఓపిగ్గా చదివాను. చదివిన దగ్గర్నుంచీ మన బడివాళ్ళకు చెప్పాలనుకుంటూ ఉన్నాను. ఈ స్వర్ణోత్సవ సంచిక అందుకు సందర్భమయింది.

తాళాలు చేసే ఇంటి పిల్లవాడు

గేయోర్గ్ సైమన్ ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో పుట్టాడు. తండ్రి యోహాన్ వోల్ఫ్‌గాంగ్ ఓమ్ తాళాలు చేసే పనివాడు. తల్లి మరియా ఎలిజబెత్ ఒక దర్జీ కూతురు. ఏడుగురు పిల్లలు పుడితే ముగ్గురే బతికారు. గేయోర్గ్‌కు పదేళ్ళప్పుడు తల్లి కూడా పోయింది.

ఆ తండ్రి బడికి పోయి పెద్దగా చదువుకున్నవాడు కాదు. అయినా తనంతట తాను గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, తత్త్వశాస్త్రం నేర్చుకుని, గేయోర్గ్‌కూ అతని తమ్ముడు మార్టిన్‌కూ ఇంట్లోనే చెప్పాడు. మన ధర్మవరంలో మగ్గం గుంట పక్కన కూర్చున్న పిల్లవాడు నాన్న చేతుల్ని చూస్తూ పట్టు పోగు తెగకుండా లాగడం నేర్చుకున్నట్టే, ఈ అన్నదమ్ములు ఒక పక్క ఆకురాయి పట్టడం, ఇంకో పక్క లెక్క కట్టడం నేర్చుకున్నారు. ఆ ఊరి యూనివర్సిటీ ప్రొఫెసర్ లాంగ్స్‌డార్ఫ్ ఈ పిల్లల్ని పరీక్షించి, గణితంలో పేరుమోసిన బెర్నూలీ అన్నదమ్ములతో పోల్చాడట. మార్టిన్ తర్వాత గణితశాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్నాడు. గేయోర్గ్‌కు తండ్రి దగ్గర నేర్చిన లోహపు పని జీవితాన్నే నిలబెట్టింది. అది ఎలాగో ముందు చెబుతాను.

1805లో ఎర్లాంగెన్ యూనివర్సిటీలో చేరాడు. చేరి ఏం చేశాడంటే, మంచు మీద జారడం, నాట్యాలు, బిలియర్డ్స్! తను నోచుకోని చదువు కొడుక్కి దక్కితే అతను ఆటల పాలు చేస్తున్నాడని తండ్రికి ఒళ్ళు మండింది. చదువు మానిపించి స్విట్జర్లాండు పంపేశాడు. అక్కడ గోట్‌స్టాట్‌లో ఒక బడిలో 1806లో లెక్కల పంతులుగా చేరాడు. అప్పటికి వయసు పదిహేడేళ్ళు. అలా తండ్రి కోపంతో మొదలైన పంతులుగిరీ దాదాపు జీవితాంతం వదలలేదు. స్విట్జర్లాండులో ఉండగా లాంగ్స్‌డార్ఫ్ సలహా మీద ఆయిలర్, లాప్లాస్ వంటి గణితవేత్తల పుస్తకాలు సొంతంగా చదువుకున్నాడు. 1811లో ఎర్లాంగెన్‌కు తిరిగొచ్చి డాక్టరేట్ తీసుకున్నాడు. యూనివర్సిటీలో కొన్నాళ్ళు పాఠాలు చెప్పాడు గానీ, ఆ వచ్చేది కడుపు నింపలేదు. 1813లో బాంబెర్గ్‌లో పెద్దగా పేరులేని ఒక బడిలో చేరాడు. మూడేళ్ళకు ఆ బడి మూతపడింది. పిల్లలతో కిక్కిరిసిన ఇంకో బడికి బదిలీ చేశారు. ఉద్యోగం మీద ఆశ సన్నగిల్లిన ఆ రోజుల్లోనే రేఖాగణితం పిల్లలకు ఎలా చెప్పాలో ఒక పుస్తకం రాశాడు. ఆ పుస్తకం ప్రష్యా రాజు మూడో ఫ్రెడరిక్ విలియం దాకా వెళ్ళింది. దాని పుణ్యాన 1817లో కొలోన్ నగరంలోని జెసూయిట్ హైస్కూలులో గణితం, భౌతికశాస్త్రం చెప్పే ఉద్యోగం దొరికింది.

బడి ల్యాబులో ఎనిమిది తీగలు

కొలోన్ బడిలో ఓమ్‌కు దొరికిన గొప్ప భాగ్యం ఒక మంచి ల్యాబు. పగలంతా పిల్లలకు పాఠం, ఆ తర్వాత ల్యాబు. 1820లో డెన్మార్క్‌కు చెందిన ఓర్‌స్టెడ్ ఒక వింత కనిపెట్టాడు. కరెంటు పారుతున్న తీగ పక్కన పెడితే దిక్సూచి ముల్లు కదులుతోంది. యూరప్ అంతా ఆ ముల్లు చుట్టూ చేరింది. ఓమ్‌కు ఒక ప్రశ్న పట్టుకుంది. తీగ పొడుగు పెరిగేకొద్దీ కరెంటు బలం ఎంత తగ్గుతుంది? ఎంత అన్నదే ఆయన పట్టుదల. తగ్గుతుందని అందరికీ తెలుసు, లెక్క ఎవరికీ తెలియదు.

1825లో మొదటి వ్యాసం అచ్చు వేశాడు. అందులో ఇచ్చిన సూత్రం తప్పు. తప్పు ఆయన కొలతలో కంటే ఎక్కువ ఆయన బ్యాటరీలో ఉంది. ఆ కాలపు బ్యాటరీలు కలిపిన క్షణంలో ఒక బలం, కాసేపటికి ఇంకో బలం చూపేవి. త్రాసులో పడికట్టు రాయే అరిగిపోతుంటే సరుకు తూకం ఎలా తేలుతుంది? శాస్త్ర పత్రిక సంపాదకుడు పొగెండార్ఫ్, బ్యాటరీ పక్కన పెట్టి ఉష్ణయుగ్మం వాడి చూడమని సలహా ఇచ్చాడు. రెండు వేరు వేరు లోహాలను కలిపి, ఒక అతుకును వేడిగా, ఒక అతుకును చల్లగా ఉంచితే వాటిలో కరెంటు పుడుతుంది. దాన్ని నాలుగేళ్ళ ముందే సీబెక్ కనిపెట్టి ఉన్నాడు.

ఓమ్ రాగినీ బిస్మత్‌నూ అతికించి, ఒక అతుకును మరిగే నీళ్ళలో, ఇంకో అతుకును మంచులో ఉంచాడు. నీళ్ళు మరిగే వేడి మారదు, మంచు కరిగే చలి మారదు. కాబట్టి కరెంటును తోసే బలమూ మారదు. సన్నని లోహపు పట్టీకి అయస్కాంత ముల్లును వేలాడదీసి, కరెంటు దాన్ని పక్కకు నెట్టినప్పుడు తిరిగి మొదటి చోటికి తేవడానికి పట్టీని ఎంత మెలిపెట్టాలో కొలిచాడు. ఈ పరికరం చేయడానికే తాళాల పనివాడి కొడుకు వేళ్ళు అక్కరకొచ్చాయి. కొలవడానికి తీసుకున్నది ఒకే మందం ఉన్న ఎనిమిది రాగి తీగలు, 2 అంగుళాల నుంచి 130 అంగుళాల దాకా.

1826 జనవరిలో ఆ కొలతలు ఒక సూత్రానికి లొంగాయి. మాటల్లో చెప్పాలంటే, కరెంటు బలం ఎంతంటే, తోసే బలాన్ని రెండు నిరోధాల మొత్తంతో భాగించినంత. ఆ రెంటిలో ఒకటి మనం బయట కలిపిన తీగది. రెండోది మిగిలిన వలయానిది, అంటే కరెంటు పుట్టించే సాధనంతో సహా. ఇదే మనం పాఠ్యపుస్తకంలో చదువుకున్న ఓమ్ నియమం. పరీక్షల కోసం దాన్ని మూడు అక్షరాలకు కుదించి బట్టీ పట్టడంతో ఆ రెండో నిరోధాన్ని మనలో చాలామంది మరచిపోతాం. బయట ఏం తగిలించామన్నది ఒక్కటే కాదు, ఇచ్చేవాడి లోపల ఏముందన్నది కూడా లెక్కలో ఉండాలని ఓమ్ మొదటినుంచీ చెప్పాడు. ఆంప్లిఫయర్‌కూ స్పీకర్‌కూ జత కుదర్చడమంటే ఈ రెండింటినీ కలిపి చూడడమే. ఆ సాయంత్రం మేము చూసింది స్పీకర్లను మాత్రమే.

పుస్తకం తెచ్చిన కష్టం

ఇంత చేసినవాడికి యూనివర్సిటీలో చోటు దొరకాలి కదా. ఓమ్ కూడా అలాగే ఆశపడ్డాడు. 1826లో సగం జీతం మీద ఏడాది సెలవు పెట్టి, తమ్ముడున్న బెర్లిన్‌కు పోయి, తన సిద్ధాంతాన్ని గణితంతో వివరిస్తూ పుస్తకం రాశాడు. అది 1827లో వెలువడింది. పెద్దల దగ్గర్నుంచి వచ్చింది చల్లని మౌనం, కొందరి నుంచి గట్టి విమర్శ. ఆ రోజుల్లో జర్మనీలో భౌతికశాస్త్రాన్ని గణితంతో నడిపించడం చాలామందికి మింగుడుపడని పని. ప్రకృతిని ఆలోచనతోనే అందుకోవచ్చనే తత్త్వం రాజ్యమేలుతోంది. గేయోర్గ్ పోల్ అనే భౌతికశాస్త్రవేత్త పుస్తకాన్ని తీవ్రంగా విమర్శించాడు. అవతలి పక్క, గణితం వచ్చిన ఫ్రెంచివాళ్ళకు ఆ జర్మన్ పుస్తకం చేరలేదు.

మనసు విరిగి 1828లో కొలోన్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. ఏ ల్యాబులో ఆ నియమం పుట్టిందో ఆ ల్యాబుకే దూరమయ్యాడు. ఐదేళ్ళ పాటు బెర్లిన్‌లో సైనిక పాఠశాలలో వారానికి కొన్ని గంటల పాఠం చెప్పుకుని బతికాడు. ముప్పై తొమ్మిది నుంచి నలభై నాలుగు, పరిశోధకుడికి పంటకాలమనదగ్గ ఆ ఏళ్ళు అలా గడిచిపోయాయి. 1833లో న్యూరెంబర్గ్ పాలిటెక్నిక్‌లో ప్రొఫెసర్ పదవి వచ్చింది. 1839లో దానికి అధిపతి అయ్యాడు.

ఆయన వెనకబడిపోయినా ఆయన సూత్రం పని చేస్తూనే ఉంది. జర్మనీలో ఫెక్నర్, రష్యాలో లెంజ్ దాన్ని పరీక్షించి నిజమన్నారు. టెలిగ్రాఫు తీగలు ఊళ్ళు దాటే కాలం వచ్చేసరికి ఈ లెక్క లేనిదే పని జరగదని ఇంజనీర్లకు అర్థమైంది. మైళ్ళ పొడవు తీగకు ఎన్ని బ్యాటరీలు కావాలో ఓమ్ సూత్రమే చెప్పగలదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ తన అత్యున్నత పురస్కారమైన కోప్లీ పతకాన్ని ఇచ్చింది. పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చింది కూడా ఆ ఏడాదే. అచ్చయి అప్పటికి పద్నాలుగేళ్ళు. 1849లో మ్యూనిక్‌కు పిలుపొచ్చింది. యూనివర్సిటీలో భౌతికశాస్త్ర ప్రొఫెసర్ పీఠం, అంటే యవ్వనం నుంచీ కోరుకున్న పదవి, 1852లో దక్కింది. అప్పటికి అరవై మూడేళ్ళు. రెండేళ్ళు తిరక్కుండా, 1854 జూలై 6న కన్నుమూశాడు. పెళ్ళి చేసుకోలేదు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ సమావేశం నిరోధానికి ఆయన పేరును కొలమానంగా స్థిరపరచింది.

ఓమ్‌కు స్పీకర్‌తో ఉన్న చుట్టరికం కొలమానంతోనే ఆగిపోలేదు. 1843లో ఆయన శబ్దం మీద కూడా ఒక సూత్రం చెప్పాడు. ఎంత కలగలిసిన ధ్వని వచ్చినా, చెవి దాన్ని విడి విడి శుద్ధ స్వరాలుగా విడదీసి వింటుందని దాని సారాంశం. దాన్నీ అప్పుడు కొట్టిపారేశారు. తర్వాత హెల్మ్‌హోల్ట్జ్ దాన్ని నిలబెట్టాడు. ఇప్పుడు మనం వాడే తీరు స్పీకర్‌ను రైస్, కెల్లాగ్ అనే ఇద్దరు 1925లో లోకానికి చూపారు. ఓమ్ తొలి వ్యాసానికి సరిగ్గా నూరేళ్ళకు.

మన ఊళ్ళ లెక్క

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా ఫ్యాక్టరీ 2019 నుంచి కార్లు తయారుచేస్తోంది. ఆ దారిన పోతుంటే కొత్త కార్లు వరసగా నిలబడి కనిపిస్తాయి. మన కుర్రాళ్ళకు కారు కొనడం ఒక సంబరమైతే, అందులో పాట అదరగొట్టడం రెండో సంబరం. మొన్న హిందూపురంలో మా మేనల్లుడి కారులో అదే పేచీ వచ్చింది. డిక్కీలో రెండు పెద్ద సబ్‌ఊఫర్లు, ఒక్కోటీ 4 ఓమ్‌లు. ఆంప్లిఫయర్ రెండు ఛానళ్ళను ఒకటిగా కలిపే బ్రిడ్జి పద్ధతిలో ఉంది. రెంటినీ సమాంతరంగా కట్టారు. వాల్యూము పెంచితే ఎర్రలైటు వెలిగి పాట ఆగిపోతోంది. ఆంప్లిఫయర్ మంచిది కాదు, ఇంకా పెద్దది కొనాలని వాడికి ఎవరో చెప్పారట.

నేను వాడి చేత లెక్క కట్టించాను. రెండు 4 ఓమ్‌లు సమాంతరమైతే 2 ఓమ్‌లు. బ్రిడ్జిలో ఒక్కో ఛానల్‌కు కనిపించేది అందులో సగం, 1 ఓమ్. ఆంప్లిఫయర్ పుస్తకంలో బ్రిడ్జికి 4 ఓమ్‌లకు తగ్గకూడదని స్పష్టంగా ఉంది. దాని ఫలితం చిన్న అంకెల్లో చూద్దాం. 8 వోల్టులు 4 ఓమ్‌ల మీద పడితే 2 ఆంపియర్లు, 16 వాట్లు. అవే 8 వోల్టులు 2 ఓమ్‌ల మీద పడితే 4 ఆంపియర్లు, 32 వాట్లు. స్పీకర్ దగ్గర శబ్దం పెరుగుతుంది నిజమే, కానీ ఆ రెట్టింపు కరెంటు ఆంప్లిఫయర్ ట్రాన్సిస్టర్ల గుండానే పోవాలి. అక్కడ వేడి కూడా పెరుగుతుంది. ఎర్రలైటు ఆంప్లిఫయర్ మొర. దాని మాట వినకపోతే పొగ ఎలా ఉంటుందో నాకు తెలుసు. రెండు సబ్‌ఊఫర్లనూ శ్రేణిలో కలిపాం. 8 ఓమ్‌లు. అదురు కొంచెం తగ్గింది, ఎర్రలైటు మళ్ళీ వెలగలేదు, డబ్బు మిగిలింది.

ఇదే పని మీరు చేసేటప్పుడు ఇంకో రెండు సంగతులు గుర్తుంచుకోండి. 4 ఓమ్‌ల స్పీకర్‌ను మల్టీమీటర్‌తో చూస్తే సాధారణంగా 3 పైచిలుకే చూపిస్తుంది. అది పాడైనట్టు కాదు. మీటరు చూసేది తీగచుట్ట మామూలు నిరోధం. పాట మాత్రం క్షణక్షణం దిశ మారే కరెంటు. దానికి ఎదురయ్యే మొత్తం అడ్డు పౌనఃపున్యాన్ని బట్టి మారుతుంది. దానికే ఇంపిడెన్స్ అని 1886లో హెవిసైడ్ పేరు పెట్టాడు. స్పీకర్ మీద రాసేది ఆ ఇంపిడెన్స్. ఇక రెండోది తీగ. ఒక చదరపు మిల్లీమీటరు మందమున్న రాగి తీగ పది మీటర్లకు దాదాపు 0.17 ఓమ్ నిరోధం. ముందు నుంచి డిక్కీ దాకా ఐదు మీటర్లయినా, పోనూ రానూ పది మీటర్లే. 4 ఓమ్‌ల స్పీకర్‌కు పోవలసిన దాంట్లో నూటికి నాలుగు పాళ్ళు దారిలోనే వేడిగా పోతుంది. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న చవక తీగలో నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అల్యూమినియం నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లు పైనే. తీగ పొడుగు, మందం, లోహం. కొలోన్ బడి ల్యాబులో ఓమ్ తేల్చుకోవాలనుకున్నవి ఇవే.

బడికి ఏమిద్దాం

ఈ ఉత్సవానికి మన సంఘం తరఫున బడికి ఏదైనా ఇవ్వాలని మాట్లాడుకుంటున్నాం. పెద్ద సౌండ్ సిస్టమ్ ఇద్దామని కొందరు మిత్రుల కోరిక. వాళ్ళ మాట కాదనడం లేదు. పెనుకొండ బాబయ్య ఉరుసులో, మన తిరునాళ్ళలో మైకు మోగితే వచ్చే హుషారు నాకూ ఇష్టమే. కానీ సౌండ్ సిస్టమ్ ఏడాదిలో నాలుగు రోజులు మోగుతుంది. ల్యాబు ఏడాదంతా పనిచేస్తుంది. కొలోన్ బడికి మంచి ల్యాబు లేకపోయి ఉంటే ఓమ్ దగ్గర ప్రశ్న మాత్రమే మిగిలేది. ఆ రోజు మన సారు దగ్గర ఒక మీటరు, తాళం తీసిన ల్యాబు, ఒక గంట ఓపిక లేకపోయి ఉంటే, నాకు మిగిలేది వీపు మీద నాలుగు వాతలు.

అందుకని నా విన్నపం ఇది. ల్యాబులో ప్రతి బల్లకూ ఒక మల్టీమీటరు, నాలుగు చిన్న స్పీకర్లు, కాలిపోయినా పరవాలేదనిపించే ఒక చవక ఆంప్లిఫయర్ పెడదాం. పిల్లలు తామే కలిపి, తామే తప్పు చేసి, తామే కొలిచి దిద్దుకోవాలి. ఓమ్ కూడా మొదట తప్పు సూత్రమే అచ్చేశాడని వాళ్ళకు చెబుదాం. ఒకే మందమున్న ఎనిమిది రాగి తీగలు, ఓమ్ వాడినట్టే 2 అంగుళాల నుంచి 130 అంగుళాల దాకా, ప్రతి బల్లకూ కోసి, చివర్లు గీకి తెచ్చే పని నాది.